మాట వినిపించే మైక్‌సెట్

వినాయక చవితి నుంచి సద్దుల బతుకమ్మ దాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో మైక్ మోగని వాడ ఉండదు. ఆ పనికి ట్రాలీ నిండా బాక్సులు అక్కర్లేదు. చిన్న మిక్సర్, స్టాండ్ల మీద రెండు స్పీకర్లు చాలు. కాకపోతే వాటిని కలిపే తీరు తెలియాలి.

బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు చేరారు. ఫోన్‌లో పాట పెట్టారు. వాయిద్యాలు గట్టిగా వినిపిస్తున్నాయి కానీ, పాడే ఆమె గొంతు మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంది. ఫోన్ మారుస్తారు, వాల్యూమ్ పెంచుతారు, ఫలితం ఉండదు. పండగ రోజుల్లో ఏదో ఒక వాడలో ఎదురయ్యే చిక్కే ఇది. తప్పు ఫోన్‌ది కాదు, తీగది.

ఫోన్ నుంచి వచ్చే స్టీరియో తీగ ఎడమ, కుడి అని రెండు సిగ్నళ్లు తెస్తుంది. దాన్ని మిక్సర్‌లో మైక్ కోసమో, బ్యాలెన్స్‌డ్ లైన్ కోసమో ఉన్న ఒకే సాకెట్‌కు ఇస్తే, ఆ సాకెట్ ఒక సిగ్నల్లోంచి మరోదాన్ని తీసేస్తుంది. పాటలో గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి, ముందు పోయేది అదే. ఒక పక్కకు ఉంచిన వాయిద్యాలు మిగిలిపోతాయి. ఇందుకు విరుగుడు చిన్నదే. ఒక కొసన 3.5 మి.మీ. పిన్ను, రెండో కొసన విడివిడిగా రెండు పిన్నులు ఉండే తీగ కొని, మిక్సర్‌లోని స్టీరియో చానల్ ఎల్, ఆర్ సాకెట్లకు ఇస్తే గొంతు తిరిగొస్తుంది.

కథ చెప్పే గడ్డ

గొంతు పోతే ఇక్కడ ఏం పోతుందో తెలియాలంటే ఒగ్గుకథ వినాలి. ప్రఖ్యాత ఒగ్గుకథకుడు మిద్దె రాములుది వేములవాడ పక్కనున్న హన్మాజీపేట. జ్ఞానపీఠ గ్రహీత సి.నారాయణరెడ్డి 1931లో పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ ఏది ఎత్తుకున్నా ప్రాణం మాటలోనే ఉంటుంది. డోలుకు మైక్ లేకున్నా వాడ చివరిదాకా వినిపిస్తుంది. మైక్ కావాల్సింది కథకుడికి, వంత పాడేవాళ్లకు. చాలామంది దీన్ని తిరగేస్తారు. డోలు ముందు మైక్ పెట్టి, బాస్ పెంచి, కథకుడి మాటను ఆ చప్పుడులో ముంచేస్తారు.

సిరిసిల్లలో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. సాంచాలు (మరమగ్గాలు) నడిచే షెడ్డు పక్కన పండగ పెట్టుకుంటే చప్పుడు అప్పటికే ఉంటుంది. దానిమీద ఇంకో చప్పుడు పోస్తే మాట తేలదు. మాటలో స్పష్టత ఉండేది హల్లుల్లో, హల్లులు పలికేది పై స్థాయి ధ్వనుల్లో. కథకుడి చానల్లో బాస్ కాస్త తగ్గించి చూడండి, వాల్యూమ్ ముట్టుకోకుండానే మాట విడిపడుతుంది.

ఏ తీగ ఎక్కడికి?

పాత మైక్‌సెట్టులో ఆంప్లిఫయర్ వేరు, స్పీకర్ వేరు. 1940లో మొదలైన అహుజా కంపెనీ ఆంప్లిఫయర్లు, స్తంభానికి కట్టిన హారన్లు ఊరూరా పరిచయమే. ఇప్పుడు స్టాండు మీద కనిపించే స్పీకర్లలో చాలావాటికి ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. వీటిని యాక్టివ్ స్పీకర్లు అంటారు. వెనక కరెంటు తీగ గుచ్చే సాకెట్ ఉంటే అది యాక్టివ్ అని గుర్తు. మిక్సర్ తీగ నేరుగా వీటికే ఇవ్వాలి. కరెంటు సాకెట్ లేని పాసివ్ స్పీకరైతే మధ్యలో ఆంప్లిఫయర్ తప్పనిసరి. ఆంప్లిఫయర్ స్పీకర్ అవుట్‌పుట్‌ను యాక్టివ్ స్పీకర్‌కు ఇస్తే దాని లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

మిక్సర్‌లో ‘మెయిన్ అవుట్’ ఎల్, ఆర్ సాకెట్ల నుంచి రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలు చెరో స్పీకర్‌కు వెళ్లాలి. స్పీకర్ వెనక ‘మైక్ – లైన్’ స్విచ్ ఉంటే లైన్ వైపు పెట్టాలి. మైక్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు, ప్రొఫెషనల్ మిక్సర్ ఇచ్చేది 1.23 వోల్టుల స్థాయి. స్విచ్ మైక్ వైపే ఉంటే మాట బొంగురుపోతుంది. కథకో, ఉపన్యాసానికో అయితే ప్యాన్ బటన్లన్నీ నడుమనే ఉంచాలి. లేదంటే ఎడమ పక్క కూర్చున్నవాళ్లకు వినిపించింది కుడి పక్కవాళ్లకు వినిపించదు.

డీజే మిక్సర్ ఒకటి, మైకుల మిక్సర్ ఒకటి ఉండి, స్పీకర్లు ఒక్క జతే అయితే? రెండింటి అవుట్‌పుట్‌లనూ వై కేబుల్‌తో ముడేయకూడదు. అలా చేస్తే ఒక మిక్సర్ మరోదాని మీద భారం మోపుతుంది. డీజే మిక్సర్ అవుట్‌పుట్‌ను మైకుల మిక్సర్‌లోని స్టీరియో లైన్ చానల్‌కు ఇవ్వాలి. పాట ఎంత, మాట ఎంత అన్నది అప్పుడు ఒకే మనిషి చేతిలో ఉంటుంది.

ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, స్పీకర్లు చివర. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు, మిక్సర్ చివర. ఇది పాటిస్తే ‘ధడ్’మన్న చప్పుడు రాదు, స్పీకర్ దెబ్బతినదు.

కూత ఎందుకు?

మైక్ కూసిందంటే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి వెళ్తోందని అర్థం. స్పీకర్లు ముందు, మైక్ వాటి వెనక ఉండాలి. బతుకమ్మ చుట్టూ ఎదురెదురుగా రెండు స్పీకర్లు పెట్టి, నడుమ పాడేవారికి మైక్ ఇస్తే కూత ఖాయం. రెండూ ఒకే వైపు, కూర్చున్నవాళ్ల తలలకు పైన ఉండేలా స్టాండ్లు ఎత్తాలి. వాడ ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టడమూ తప్పే. శబ్దం 34 మీటర్లు వెళ్లడానికి సుమారు సెకనులో పదో వంతు పడుతుంది. ఒకే మాట రెండుసార్లు చెవిన పడి అలుక్కుపోతుంది.

చివర ఉన్నవాళ్లకు వినిపించదేమోనని ఇంకో రెండు బాక్సులు తెప్పిద్దామనే ఆలోచన వచ్చేది ఇక్కడే. ఆంప్లిఫయర్ శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అదే ఆరుబయట వినేవాళ్ల దూరం సగం చేస్తే 6 డెసిబెల్స్ పెరుగుతాయి. కిరాయి పెంచడం కన్నా స్టాండు ముందుకు జరపడం మేలు.

ఆ మూడో పిన్ను

స్పీకర్లలో ‘గుం’మని హమ్మింగ్ వస్తే కొందరు ప్లగ్గులో ఉన్న పెద్ద పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేస్తారు. హమ్మింగ్ ఆగొచ్చు. కానీ ఎక్కడైనా తీగ తెగి మిక్సర్ బాడీకి తగిలితే, ఆ కరెంటు మైక్ పట్టుకున్న మనిషి గుండా భూమిలోకి పోతుంది. వానాకాలపు మండపంలో, తడి నేల మీద, వట్టి కాళ్లతో నిలబడిన మనిషికి అది ప్రాణాంతకం. హమ్మింగ్‌కు సరైన మందులు వేరే ఉన్నాయి. మిక్సర్‌కూ స్పీకర్లకూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి. ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలు వాడాలి. అప్పటికీ పోకపోతే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. మండపం కనెక్షన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, కరెంటు దారి తప్పిన క్షణంలో సరఫరా తెగిపోతుంది.

చట్టం మాట కూడా వినాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ నిషిద్ధం. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఇళ్ల మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్. బహిరంగ స్థలం హద్దు దగ్గర శబ్దం ఆ పరిమితిని 10 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. రెండు స్పీకర్లను పద్ధతిగా పెట్టుకుంటే ఈ హద్దులోనే ఒక వాడకు కథ వినిపించవచ్చు.

ఈసారి మండపానికో, బతుకమ్మకో మైక్‌సెట్ మాట్లాడేటప్పుడు వాట్లు ఎన్ని అని అడిగే ముందు, ప్లగ్గుకు మూడో పిన్ను ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ సెట్ వద్దనండి.