పెద్ద మాటలూ, పనికొచ్చే మాటలూ

మా అమ్మాయి నర్సు. బరంపురంలోనే పుట్టి పెరిగింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, పుస్తకాల్లో ఇంగ్లీషు. బ్రిటన్‌లో ఉద్యోగానికి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. రాస్తానన్నప్పుడు, నాలుగు భాషలు వచ్చిన పిల్లకి ఈ పరీక్ష ఒక లెక్కా అనుకున్నాను. మన పత్రిక చదివే ఇళ్లలో ఇలాంటి పరీక్షలకు కూర్చునే పిల్లలు చాలామందే ఉంటారు. అందుకే మా ఇంట్లో జరిగిన పొరపాటును దాచుకోకుండా రాస్తున్నాను. ఆ పొరపాటు నాదే.

1989లో మొదలైన ఈ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కొక్క దానికి 9 వరకు మార్కు. అక్కడ నర్సుగా పేరు నమోదు కావాలంటే రాయడంలో 6.5, మిగిలిన మూడింటిలో 7 చొప్పున రావాలి.

నేను ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. కంఠస్థం మీద నమ్మకం ఎక్కువ. లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చి, రోజుకు ముప్పై మాటలు ఎక్కాల్లా వల్లె వేయించాను. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్లని కూర్చోబెట్టి మరీ ఒప్పజెప్పించుకున్నాను. మూడు నెలలు అలా గడిచాయి. ఫలితం వస్తే, మిగతావి గట్టెక్కాయి గాని రాయడంలో 6 వచ్చింది. ఆ అర మార్కుతో వేలకు వేలు ఫీజు పోయింది. అక్కడి ఆసుపత్రి వాళ్లు ఆ ఖాళీని మరొకరికి ఇచ్చేశారు.

రెండు రోజులు అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మూడో రోజున, "మాటలన్నీ గుర్తున్నాయి అమ్మా. ఏది ఎక్కడ వాడాలో తెలీలేదు. నువ్వు చెప్పావు కదా అని అన్నీ వాడేశాను" అంది. నాకు నోట మాట రాలేదు.

అప్పుడు తను ఇంట్లో రాసిన వ్యాసాలు ముందేసుకుని కూర్చున్నాం. 'ఆసుపత్రిలో నర్సులు ఎక్కువమంది ఉండాలి' అనడానికి 'ప్లెథోరా' అని రాసింది. నిఘంటువు తీస్తే, ఆ మాటకు అవసరానికి మించి ఉండడం అని అర్థం! ఇంకోచోట '2019లో పాసవుట్ అయ్యాను' అని ఉంది. మనకది చదువు పూర్తికావడం. బ్రిటన్‌లో మామూలుగా ఆ మాటంటే స్పృహ తప్పి పడిపోవడం. నర్సమ్మే పడిపోతే రోగుల గతేమిటని ఇద్దరం నవ్వుకున్నాం. ఫలితం వచ్చాక మా ఇంట్లో నవ్వు వినబడింది అప్పుడే.

తర్వాత పద్ధతి మార్చాం. మొదట మాటల ఎంపిక. న్యూజిలాండ్‌కు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ అనే ఆమె సుమారు 35 లక్షల మాటల చదువుల రాతలను పరిశీలించి, వాటిలో తరచుగా వచ్చే 570 పదకుటుంబాలను 2000లో ప్రకటించారు. కుటుంబం అంటే, మనకు చదువు, చదువరి, చదివించు ఉన్నట్టే అక్కడ ఎనలైజ్, ఎనాలిసిస్, ఎనలిటికల్. రోజుకు ముప్పై మానేసి, ఎనిమిది మాటలు కుటుంబంతో సహా పట్టుకున్నాం.

రెండోది మాటల జత. మనం ఈదురుగాలి అంటాం. 'ఈదురువాన' అంటే పిల్లలు కూడా నవ్వుతారు. ఎవరూ నేర్పకపోయినా వినీ వినీ వచ్చిన తెలివి అది. ఇంగ్లీషులోనూ అంతే. వానకు 'హెవీ', గాలికి 'స్ట్రాంగ్'. అందుకని మాటను ఒంటరిగా రాసుకోవడం మాని, దాని జతతో ఒక వాక్యంలో రాసుకుంది. ఆ వాక్యం కూడా తన వార్డులో జరిగిన సంగతే అయ్యుండాలని నియమం పెట్టుకున్నాం.

మూడోది మళ్లీ మళ్లీ తలచుకోవడం. నేర్చింది త్వరగా మరుపున పడుతుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే చూపించాడు. మేం పాత శుభలేఖలను ముక్కలుగా కత్తిరించి, వెనకవైపు మాటలు రాసి, చెప్పుల డబ్బాలో మూడు అరలు చేశాం. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. చెప్పగలిగిన చీటీ ముందు అరకు వెళ్తుంది. తప్పినది మొదటి అరకు తిరిగొస్తుంది. అర్థం చూసి మాట చెప్పాలి గాని, మాట చూసి అర్థం చెబితే చాలదు. చుట్టాల్లో ముఖపరిచయం ఉన్నవాళ్లు వేరు, అవసరానికి అప్పు అడగగలిగినవాళ్లు వేరు కదా! స్పెల్లింగూ రాయించేదాన్ని. వినే భాగంలో, చదివే భాగంలో స్పెల్లింగు తప్పితే మార్కు పోతుంది.

ఒకరోజు నిఘంటువులో 'బాండికూట్' తగిలింది. అది మన పందికొక్కు నుంచి వెళ్లిన మాటే! "మనమూ వాళ్లకు అప్పిచ్చామన్నమాట" అంది అమ్మాయి. ఆ పూట నుంచి తనలో బెరుకు కాస్త తగ్గినట్టు నాకనిపించింది.

అయిదు నెలల తర్వాత మళ్లీ రాసింది. రాయడంలో సరిగ్గా 6.5. మిగతా మూడింటిలో 7 తగ్గలేదు. ఇప్పుడు కొత్త ఆసుపత్రికి కాగితాలు పంపుతోంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలకు ఎన్ని మాటలు వచ్చాయని లెక్కపెట్టకండి. ఇవాళ నేర్చుకున్న మాటతో, ఇవాళ జరిగిన ఒక సంగతి చెప్పమనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చుని వినండి. మా చెప్పుల డబ్బా ఇంకా అలమరాలోనే ఉంది. పక్కింటి ఒడియా వారమ్మాయి వచ్చే నెలలో పరీక్ష రాస్తుందట. ఆదివారం వచ్చి పట్టుకెళ్తానంది.