పదిమందికి వ్రాసే మాటకు మర్యాద

ఒకరికి వ్రాసే ఉత్తరం వేరు; పదిమందికి ఒకేసారి వ్రాసే ఉత్తరం వేరు. ఈ-మెయిల్ వచ్చిన తరువాత ఒక్క మీట నొక్కగానే మన మాట వందలమందికి చేరుతోంది. అంతమంది సమయం, ఒక్కొక్కసారి ఒకరి పరువు సైతం, మన చేతిలో ఉంటున్నాయి.

ఈ బాధ్యతను గుర్తుచేస్తూ 1995 అక్టోబరులో ఒక మర్యాదల పత్రం వెలువడింది. ‘ఆర్‌ఎఫ్‌సి 1855’ అనే ఆ పత్రాన్ని ఇంటెల్ సంస్థకు చెందిన శాలీ హాంబ్రిడ్జ్ కూర్చారు. అందులోని సూచనలు సరళమైనవి. సంగతిని తెలిపే శీర్షిక ఉండాలి. జవాబులో పాత ఉత్తరమంతా తిరిగి పంపక, సందర్భం తెలియడానికి అవసరమైనంత భాగమే ఉంచాలి. ఆంగ్లంలో అన్నీ పెద్దక్షరాలతో వ్రాస్తే అరిచినట్లుంటుంది. సంతకం నాలుగు వరుసలు దాటకుంటే మంచిది. ఆవేశంతో వ్రాసిన జవాబును ఒక రాత్రి ఆగి పంపాలి. ఇతరుల సందేశాన్ని ముందుకు పంపేటప్పుడు దానిలోని మాటలు మార్చరాదు.

ఇవి పైకి రాతపద్ధతులే. కాని వీటి వెనుక తోటివారి హక్కులున్నాయి. “పెద్దలు అంగీకరిస్తే నాకు అభ్యంతరం లేదు” అని వ్రాసినవారి మాటలో మొదటి రెండు పదాలు తొలగించి పంపితే, వారు అనని మాట వారి పేర ప్రచారమవుతుంది. ఒకరికే చెప్పవలసిన అప్పు సంగతి, సంబంధం సంగతి ‘రిప్లై ఆల్’ నొక్కడంతో బంధువులందరి ముందు పడితే, తరువాత చెప్పే క్షమాపణ ఆ పరువును పూర్తిగా తిరిగి తేలేదు.

దివ్యఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) సబా రాణికి పంపిన లేఖ ప్రస్తావన ఉంది (27:29-31). పంపినది ఎవరో అందులో స్పష్టం. అల్లాహ్ నామం ఉంది. చెప్పదలచినది ఒకే వాక్యంలో ముగిసింది. రాణి దానిని గౌరవప్రదమైన లేఖ అని తన సభికులకు తెలిపింది. ఇక హుజురాత్ సూరా (49:6), దుర్మార్గుడు తెచ్చిన వార్తను నిర్ధారించుకోనిదే నమ్మరాదని, తెలియక ఇతరులకు హాని చేసి పిదప పశ్చాత్తాపపడవలసి వస్తుందని విశ్వాసులను హెచ్చరిస్తోంది.

నేడు మన ఇళ్లలో పిల్లలకు ఫోను ముందుగా అందుతోంది, ఉత్తరం వ్రాసే పద్ధతి ఆలస్యంగా తెలుస్తోంది. ఇది ఎవరికి చేరుతుంది, ఇందులో ఎవరి రహస్యమైనా ఉందా, ఈ మాట నిజమేనా అని మీట నొక్కకముందే చూసుకొనే అలవాటును మనం వారికి నేర్పాలి. అంతకంటే ముందు దానిని మనమే పాటించాలి.