పథకం పనిచేసిందా? విద్యా కార్యక్రమాల మూల్యాంకనం: అపోహలు – వాస్తవాలు

ఒక విద్యా కార్యక్రమం అమలైన తరువాత పిల్లలు చేరుకున్న స్థాయికీ, అదే కాలంలో ఆ కార్యక్రమం లేకపోయినా వారు చేరుకొని ఉండే స్థాయికీ మధ్యనున్న తేడానే ఆ కార్యక్రమ ప్రభావం అంటారు. మొదటి స్థాయిని పరీక్ష పెట్టి తెలుసుకోవచ్చు. రెండోది జరగని విషయం కనుక, అన్నివిధాలా అలాంటి పిల్లలే ఉండి ఆ కార్యక్రమం అందని మరో బృందాన్ని చూసి అంచనా కట్టవలసి ఉంటుంది. దీనినే పోలిక బృందం అంటారు. విద్యా పథకాల జయాపజయాల గురించి ప్రచారంలో ఉన్న అపోహలలో ఎక్కువ భాగం ఈ రెండో స్థాయిని మరచిపోవడం వల్ల పుట్టినవే.

ఈ విషయంలో తెలుగు నేల ప్రపంచానికి విలువైన సాక్ష్యం అందించింది. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల సహకారంతో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయన పరంపరను నడిపారు. అయిదు జిల్లాల్లో 50 మండలాలనూ, మండలానికి పది చొప్పున 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలనూ తీసుకొని, ఏ బడికి ఏ సహాయం అందాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి, నూరు బడులను పోలిక కోసం ఏ సహాయమూ లేకుండా ఉంచారు. హెడ్మాస్టరు చొరవ, ఊరి ఆర్థిక స్థితి, తల్లిదండ్రుల చదువు వంటివన్నీ లాటరీ వల్ల అన్ని బృందాలలోనూ దాదాపు సమానంగా సర్దుకుంటాయి కనుక, చివరికి కనిపించే తేడాను పథకానికే ఆపాదించడానికి వీలవుతుంది.

అపోహ: నిధులు, పుస్తకాలు, సామగ్రి బడికి చేరితే చదువు బాగుపడినట్లే.

వార్షిక నివేదికలు ఎక్కువగా ఈ నమ్మకం మీదే నడుస్తాయి. ఎన్ని కిట్లు పంచారు, ఎన్ని గదులు కట్టారు, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు అన్న లెక్కలు పథకం అందిందని మాత్రమే చెబుతాయి. పిల్లవాడు నేర్చుకున్నాడో లేదో వాటిలో కనిపించదు. పై అధ్యయనంలో నూరు బడులకు విద్యార్థుల సంఖ్యను బట్టి రొక్కం గ్రాంటు ఇచ్చి, పిల్లల చదువుకు నేరుగా పనికివచ్చే వస్తువులు కొనుక్కొమ్మన్నారు. బడులు నోటుబుక్కులు, పలకలు, అభ్యాస పుస్తకాల వంటివి కొన్నాయి. మొదటి ఏడాది గ్రాంటు అనుకోకుండా వచ్చింది కనుక ఇంట్లో కొనేవి ఇంట్లో కొన్నారు, బడిలో ఇచ్చేవి అదనంగా అందాయి, మార్కులు పెరిగాయి. రెండో ఏడాదీ గ్రాంటు వస్తుందని తెలిశాక తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు; ఆ ఏడాది గ్రాంటు వల్ల మార్కులలో చెప్పుకోదగిన పెరుగుదల లేకపోయింది.

దీనిని తల్లిదండ్రుల నిర్లక్ష్యంగా చూడడం అన్యాయం. కూలిపని మీద బతికే కుటుంబం, బడిలో నోటుబుక్కు ఇస్తారని తెలిసినప్పుడు ఆ డబ్బును బియ్యానికో మందులకో మళ్లించడం సంసారం తెలిసిన పని. గ్రాంటు ఆ కుటుంబానికి మేలే చేసింది, కాని ఆ మేలు చదువు రూపంలో జరగలేదు. మొదటి ఏడాదితోనే మూల్యాంకనం ముగించి ఉంటే గ్రాంటు చదువును పెంచుతుందన్న తీర్మానమే మిగిలేది.

అపోహ: పథకానికి ముందు, తరువాత మార్కులను పోల్చి చూస్తే ప్రభావం తెలిసిపోతుంది.

పిల్లలు ఏ పథకం లేకపోయినా ఏడాదిలో కొంత నేర్చుకుంటారు కనుక ఈ పోలిక ఆ సహజ ఎదుగుదలను కూడా పథకం ఖాతాలోనే వేస్తుంది. ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. వెనుకబడిన బడులను ఎంచుకొని వాటికే సహాయం చేసినప్పుడు, ఆ బడుల సగటు మరుసటి ఏడాది దానంతట అదే పెరిగే అవకాశం ఎక్కువ. గణాంకశాస్త్రంలో దీనిని సగటు వైపు మరలడం అంటారు. ఇరవైమంది ఉన్న నాలుగో తరగతిలో పరీక్ష రోజున చురుకైన పిల్లలు నలుగురు జ్వరాలతో రాకపోతే ఆ బడి సగటు పడిపోయి అది వెనుకబడిన బడుల జాబితాలో చేరుతుంది. మరుసటి ఏడు జ్వరాలు లేకపోతే, ఏ సహాయమూ అందకున్నా, సగటు మళ్లీ తన చోటికి వస్తుంది. చిలీ దేశంలో 1990లో తక్కువ మార్కులు వచ్చిన బడుల కోసం పీ-900 అనే కార్యక్రమం మొదలైంది. ఆ బడులలో కనిపించిన ప్రగతిలో చాలా భాగం ఇలాంటి మరలడమేనని 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది.

అపోహ: ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువ కనుక ఆ బడులే బాగా చదువు చెబుతాయి.

తెలుగు కుటుంబాలు తమ ఆదాయంలో పెద్ద భాగాన్ని ఈ నమ్మకం మీద ఖర్చు పెడుతున్నాయి కనుక దీనిని నింపాదిగా పరిశీలించాలి. ప్రైవేటు బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో సగటున ఆదాయమూ, తల్లిదండ్రుల చదువూ ఎక్కువ. అందుచేత మార్కులలోని తేడా బడి వల్ల వచ్చిందా, ఇంటి వల్ల వచ్చిందా అన్నది మామూలు పోలికలో తేలదు. దీనిని తేల్చడానికి మురళీధరన్, సుందరరామన్‌లే 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో ఒక ప్రయోగం జరిపారు. ముందుగా పథకం ఏ గ్రామాలకు వర్తించాలో లాటరీ తీసి, ఆ గ్రామాల్లో దరఖాస్తు చేసుకున్న ప్రభుత్వ పాఠశాల పిల్లల మధ్య మళ్లీ లాటరీ తీసి, గెలిచినవారికి ప్రైవేటు బడిలో చదివేందుకు వోచరు, అంటే ఫీజు చెల్లింపు పత్రం, ఇచ్చారు.

రెండేళ్ల తరువాతా, నాలుగేళ్ల తరువాతా పరీక్షించినప్పుడు, తెలుగులోనూ గణితంలోనూ వోచరు దొరికిన పిల్లలకూ దొరకని పిల్లలకూ తేడా కనిపించలేదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చాలావరకు బోధించని హిందీలో మాత్రం వోచరు పిల్లలు స్పష్టంగా ముందున్నారు. కాలపట్టికలు చూసినప్పుడు, ప్రైవేటు బడులు తెలుగుకూ గణితానికీ తక్కువ సమయం కేటాయించి, ఇంగ్లీషు, హిందీ వంటి విషయాలకు ఎక్కువ సమయం ఇస్తున్నట్లు తేలింది. అంటే ఆ రెండు విషయాల్లో అవి తక్కువ సమయంలోనే సమానమైన ఫలితం సాధించాయి. పైగా ఒక్కో విద్యార్థిపై అవి పెట్టే ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

ఈ ఫలితాలను ఎవరికి వారు తమకు అనుకూలమైన సగం మాత్రమే చెప్పుకోవడం విచారకరం. ప్రైవేటు బడులు పిల్లలను అద్భుతంగా తీర్చిదిద్దుతున్నాయనడానికి ఇందులో ఆధారం లేదు, ప్రభుత్వ బడులు తమ నిధులను సద్వినియోగం చేస్తున్నాయనడానికీ లేదు.

అపోహ: ఫలితాలను కొలిచి బోనస్‌తో ముడిపెడితే ఉపాధ్యాయులు పరీక్షకు పనికివచ్చేదే చెప్పి మిగతాది వదిలేస్తారు.

ఈ భయం నిరాధారమైనది కాదు, చాలా దేశాల అనుభవం దీనికి బలమిస్తుంది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఆ 500 బడుల అధ్యయనంలో జరిగింది వేరు. విద్యార్థుల సగటు మార్కులలో పెరుగుదల అయిదు శాతాన్ని దాటాక, ఆపై ప్రతి ఒక శాతానికీ 500 రూపాయల చొప్పున కొన్ని బడుల ఉపాధ్యాయులకు బోనస్ ప్రకటించారు. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు పోలిక బడుల పిల్లలకంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందుకు వచ్చారు. ప్రామాణిక విచలనమంటే మార్కులు సగటు చుట్టూ ఎంతమేరకు చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ఆ లెక్కన, నూరుమంది వరుసలో సరిగ్గా మధ్యనున్న విద్యార్థి గణితంలో సుమారు పది పదకొండు స్థానాలు పైకి జరిగినట్లు. బట్టీ పట్టి రాయగల ప్రశ్నలతోపాటు ఆలోచించి రాయవలసిన ప్రశ్నలలోనూ పిల్లలు మెరుగయ్యారు. బోనస్‌తో సంబంధం లేని సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రాలలోనూ ముందున్నారు. ఉపాధ్యాయుల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజుల్లో అదనపు తరగతులు తీసుకోవడం, ఇంటిపని ఇవ్వడం, అభ్యాస పరీక్షలు పెట్టడం పెరిగింది.

మరో బృందంలోని బడులకు పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో వివరించే నివేదికలు అందించి, పరిశీలకులను పంపారు, బోనస్ మాత్రం ప్రకటించలేదు. పరిశీలకులు చూస్తున్నప్పుడు ఆ ఉపాధ్యాయులు చురుకుగా పాఠం చెప్పారు, కాని ఏడాది చివర పిల్లల మార్కులలో తేడా లేదు. తరగతి గదిని చూసి వచ్చి రాసే తనిఖీ నివేదికను మూల్యాంకనంగా భావించేవారు ఈ ఒక్క ఫలితాన్నయినా గుర్తుంచుకోవాలి.

అపోహ: ఒకచోట నెగ్గిన నమూనాను అన్నిచోట్లా పెడితే అదే ఫలితం వస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ వ్యవస్థ ద్వారానే అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుడిని నియమించిన బడుల్లో పిల్లలు మెరుగయ్యారు. కెన్యాలో కాంట్రాక్టు ఉపాధ్యాయుల పథకాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన బడుల్లో ఫలితం కనిపించగా, ప్రభుత్వం నడిపిన బడుల్లో కనిపించలేదు. పిల్లలను తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టి బోధించే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతి కూడా ఇలాంటి అనుభవాన్నే చూసింది. బిహార్‌లోనూ ఉత్తరాఖండ్‌లోనూ ప్రభుత్వ ఉపాధ్యాయులకు శిక్షణ, సామగ్రి మాత్రమే అందించినప్పుడు బడి వేళల్లో ఆ పద్ధతి దాదాపు అమలే కాలేదు. హర్యానాలో ప్రతిరోజూ బడి వేళల్లో ఆ పనికోసమే ఒక గంట కేటాయించి, క్షేత్రస్థాయి అధికారులు వెంట ఉండి నడిపించినప్పుడు, అదే పద్ధతితో మామూలు ప్రభుత్వ ఉపాధ్యాయుల దగ్గర చదివిన పిల్లలే చదవడంలో ముందుకు వచ్చారు.