గడువు లెక్కపెట్టే యంత్రం

ఇబ్రహీంపట్నంలో ఆఫీసున్న ప్లీడరుగారి కేసులన్నీ ఒకేచోట నడవవు. విజయవాడలో కొన్ని, నందిగామలో కొన్ని, మచిలీపట్నం జిల్లా కోర్టులో అప్పీళ్లు. ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్) 45 అంటే ఏ కోర్టు 45? ఈ చిక్కు తీర్చింది ఈ-కోర్టుల పథకం తెచ్చిన సీఎన్‌ఆర్ నంబరు. మొత్తం 16 స్థానాలు: రాష్ట్రానికి రెండు, జిల్లాకు రెండు, కోర్టుకు రెండు, వరస సంఖ్యకు ఆరు, సంవత్సరానికి నాలుగు. దేశంలో ఇంకే కేసుకూ ఆ నంబరు రాదు. అది కొడితే ఈ-కోర్ట్స్ యాప్ తర్వాతి వాయిదా ఉచితంగానే చూపిస్తుంది.

మరి చిన్న ఆఫీసు డబ్బు పెట్టి కేసుల సాఫ్ట్‌వేర్ కొనడం దేనికి? వాయిదా కోర్టు వేస్తుంది, యాప్ చెబుతుంది. గడువు పెట్టేది మాత్రం చట్టం. అది ముగిసిపోతోందని ఎవరూ పిలిచి చెప్పరు. దాన్ని లెక్కగట్టడమే ఈ సాఫ్ట్‌వేర్ అసలు పని. నాకు అన్నిటికంటే నచ్చేదీ అదే.

నెలలకు 28, 30, 31 అని రకరకాల రోజులు. కంప్యూటర్ ఆ గొడవ పెట్టుకోదు, ప్రతి తేదీనీ ఒక వరస సంఖ్యగా మార్చుకుంటుంది. ఎక్సెల్‌లో 1900 జనవరి 1 అంటే 1. ఆ తర్వాత అంతా కూడికే. కష్టమంతా ఏది కూడాలో తెలియడంలో ఉంది.

ఏప్రిల్ 10న డిక్రీ వచ్చిందనుకుందాం. జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకైతే 90. 1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం తీర్పు చెప్పిన రోజు లెక్కలోకి రాదు. 11 నుంచి మొదలెడితే మే 10తో 30 రోజులు నిండుతాయి. డిక్రీ కాపీకి ఏప్రిల్ 15న అర్జీ పెడితే 26న తయారైంది. ఆ 12 రోజులూ మినహాయింపే, గడువు మే 22కి జరిగింది. కానీ చార్జీలు కట్టడంలో మనం చేసిన జాప్యానికి మినహాయింపు దొరకదు. అందుకే కాపీ మీద వేసిన తేదీలన్నీ అడగని సాఫ్ట్‌వేర్ సరైన జవాబు చెప్పలేదు. మే 22న వేసవి సెలవులుంటే 4వ సెక్షన్ ఆదుకుంటుంది, కోర్టు తెరిచిన రోజున దాఖలు చేయొచ్చు. నడుమ వచ్చిన ఆదివారాలను, పండగలను మాత్రం తీసేయకూడదు. ఆఖరి రోజు సెలవైతేనే ఆ వెసులుబాటు. సెలవులన్నీ తీసేసి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ కక్షిదారు కొంప ముంచుతుంది.

బిల్లులు, వాట్సాప్ సందేశాలు, ఫైళ్ల స్కాన్లు ఇప్పుడు ఇలాంటి సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నిట్లోనూ ఉన్నాయి. వాడటం మానేసే రోజున మన సమాచారం మొత్తం మన చేతికిస్తారో లేదో మాత్రం ముందే రాయించుకోవాలి.

అమ్మే మనిషి డెమో చూపించడానికి వచ్చినప్పుడు ఆయన తెచ్చిన ఉదాహరణ వద్దు. అప్పీలు ఎప్పుడో తేలిపోయిన మీ పాత కట్ట ఒకటి తీసి, అందులోని తేదీలు ఇచ్చి గడువు అడగండి. జవాబుతోపాటు ఏ రోజులు ఏ సెక్షన్ కింద తీసిందో విడివిడిగా చూపిస్తే, అప్పుడు ధర మాట్లాడండి.