గ్లూ గన్ కొనేముందు ఈ అంకెలు చూడండి

పిల్లాడి స్కూలు ప్రాజెక్టుకు థర్మోకోల్ ఇల్లు కట్టాలన్నా, వినాయక చవితికి మండపం అలంకరించాలన్నా, బొమ్మకారుకు ఊడిన చక్రం అతికించాలన్నా ఇప్పుడు చాలా ఇళ్లలో గ్లూ గన్ బయటికి వస్తోంది. వాట్లు ఎక్కువుంటే అతుకు గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. వాట్లకూ అతుకు బలానికీ నేరుగా సంబంధం లేదు. ఏ అంకె దేని గురించి చెబుతోందో తెలుసుకుంటే కొనడమూ తేలికే, వాడడమూ తేలికే.

7 లేక 11 మిల్లీమీటర్లు

ఇది గన్‌లో పట్టే గ్లూ స్టిక్ లావు. తేడా 4 మిల్లీమీటర్లే అయినా లెక్క వేస్తే పెద్దదే. 20 సెంటీమీటర్ల పొడవున్న 7 మి.మీ. స్టిక్‌లో జిగురు సుమారు 7 గ్రాములు. అదే పొడవున్న 11 మి.మీ. స్టిక్‌లో దాదాపు 18 గ్రాములు, అంటే రెండున్నర రెట్లు. 3 మి.మీ. లావు తీగలా జిగురు వేసుకుంటూ పోతే చిన్న స్టిక్ ఒక మీటరు దాటగానే అయిపోతుంది, పెద్దది 2.7 మీటర్ల దాకా వస్తుంది. అందుకే ప్యాకెట్‌లో ఎన్ని ఉన్నాయని కాకుండా ఎన్ని గ్రాములని చూసి ధర పోల్చుకోవాలి. ఒక సైజు స్టిక్ ఇంకో సైజు గన్‌కు పనికిరాదు. లావు గన్‌లో సన్న స్టిక్ పెడితే కరిగిన జిగురు వెనక్కి కారుతుంది.

20 నుంచి 100 వాట్లు

వాట్లు చెప్పేది జిగురును ఎంత వేగంగా కరిగించగలదన్నదే. 20 వాట్ల గన్‌తో ఆగకుండా పని చేస్తే జిగురు కరిగేలోపు ట్రిగ్గర్ బిగుస్తుంది. అప్పుడు ఒక నిమిషం ఆగాలి. బలంగా నొక్కితే విరిగేది ట్రిగ్గరే. కరెంటు ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. 40 వాట్ల గన్ గంటసేపు పూర్తి శక్తితో పనిచేసినా 0.04 యూనిట్. ఒక యూనిట్ కావాలంటే 25 గంటలు పడుతుంది.

120 డిగ్రీలా, 190 డిగ్రీలా?

అసలు చూడాల్సిన అంకె ఇదే. తక్కువ వేడి గన్నులు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఎక్కువ వేడివి 190 దగ్గర పనిచేస్తాయి. రెండూ ఉండే స్విచ్ గన్నులూ దొరుకుతాయి. చెక్కకు, దళసరి అట్టకు, గుడ్డకు 190 మంచిది. బాగా వేడెక్కి పలచబడిన జిగురు సందుల్లోకి దిగి పట్టుకుంటుంది. థర్మోకోల్ మాత్రం 100 డిగ్రీల దగ్గరే మెత్తబడి కుంచించుకుపోతుంది. 190లో పోస్తే గుంత పడుతుంది. 120 కూడా దానికి ఎక్కువే కాబట్టి, జిగురును ముందు కాగితం మీద వేసి, నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు థర్మోకోల్‌కు అద్దాలి. ముందుగా పనికిరాని ముక్క మీద పరీక్షించడం మరవొద్దు.

30 సెకన్లు

ప్లగ్ పెట్టాక 3 నుంచి 5 నిమిషాలు వేడెక్కనివ్వాలి. జిగురు వేశాక అతికించడానికి ఉండే వ్యవధి మాత్రం సుమారు అర నిమిషమే. ముందే ముక్కలు సరిచూసుకుని, కొద్దికొద్దిగా వేసుకుంటూ పోవాలి. ఇనుము, గాజు వేడిని లాగేస్తాయి గనుక వాటి మీద జిగురు అంటకముందే గడ్డకడుతుంది. ప్లాస్టిక్ బకెట్లకూ డబ్బాలకూ వాడే పాలిథిన్, పాలీప్రొపిలీన్ రకాలకు ఇది సరిగా పట్టదు. తప్పుగా అంటితే అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేయండి, ఊడివస్తుంది.

60 డిగ్రీలు

వేడితో కరిగేది వేడికే లొంగుతుంది. మామూలు గ్లూ స్టిక్ జిగురు 60 డిగ్రీలు దాటితే మెత్తబడడం మొదలవుతుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు, మే నెల తారు రోడ్డు ఆ వేడికి చేరతాయి. కాబట్టి చెప్పుల అట్టకు, టీ కప్పు చెవికి, పొయ్యి దగ్గరి సామానుకు ఇది పనికిరాదు. బరువు మోసే కుర్చీ కాలుకూ వద్దు. బరువు మోసేవాటికి రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వాడాలి.

20 నిమిషాలు

వేడి జిగురు చర్మానికి అంటితే లాగొద్దు, చర్మం కూడా ఊడివస్తుంది. వెంటనే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు, టూత్‌పేస్టు పెట్టొద్దు. బొబ్బ పెద్దదైతే డాక్టరుకు చూపించాలి.

కాగితం పూలు, థర్మోకోల్, పిల్లల ప్రాజెక్టులే మీ పని అయితే తక్కువ వేడితో పనిచేసే 7 మి.మీ. గన్ చాలు. చెక్క పని, ఇంటి మరమ్మతులు కూడా ఉంటే వేడి మార్చుకునే స్విచ్ ఉన్న 11 మి.మీ., 40 నుంచి 60 వాట్ల గన్ తీసుకోండి. ఏది కొన్నా ముక్కు కింద ఒక స్టీలు పళ్లెం పెట్టుకోండి. పిల్లల చేతికి ఇస్తే పక్కనే కూర్చోండి. పని కాగానే ప్లగ్ తీసేయండి.