అడగకముందే చెప్పే తెర

ఆఫీసు గోడమీద టీవీ పెట్టడం ఒక్క పూట పని. గడప దాటి వచ్చినవాళ్లకు అది దారి చూపాలంటే మాత్రం ముందు వాళ్ల ప్రశ్నలు వినాలి.

ఏదైనా మండల కార్యాలయానికి పొద్దున పదిన్నరకు వెళ్లి అరగంట నిలబడి చూడండి. లోపలికి వచ్చినవాళ్లంతా అటెండరును దాదాపు అవే మాటలు అడుగుతారు. ‘‘సారు వచ్చారా, క్యాంపుకెళ్లారా?’’ ‘‘ఆదాయం సర్టిఫికెట్ ఏ గదిలో?’’ ‘‘ఏమేం కాగితాలు కావాలి?’’ ‘‘ఎంత కట్టాలి?’’ ‘‘మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?’’

నేను వెళ్లిన ఒక ఆఫీసులో అటెండరు తలపైనే పెద్ద టీవీ వెలుగుతోంది. ప్రారంభోత్సవాల ఫొటోలు, నినాదాలు మారుతున్నాయి. ఈ అయిదు ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. ఒక జిరాక్స్ కాపీ తక్కువైందని, కూలి మానుకుని వచ్చిన ఓ పెద్దావిడ వెనుదిరిగింది. ఎన్ని కాపీలు కావాలో తెరమీద ఉండి ఉంటే రాగానే తీయించుకునేది, ఆమెకు రెండోసారి కూలి పోయేది కాదు.

చట్టం ఎప్పుడో చెప్పింది

2005 సమాచార హక్కు చట్టం అనగానే దరఖాస్తు, 30 రోజుల గడువు గుర్తొస్తాయి. అసలు దరఖాస్తు పెట్టే అవసరమే తగ్గించమంటుంది అందులోని సెక్షన్ 4. ప్రభుత్వ కార్యాలయాలు 17 రకాల వివరాలను తమంతట తామే వెల్లడించాలి. అదీ స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని. చట్టం చెప్పిన సాధనాల్లో నోటీసు బోర్డు కూడా ఉంది. గోడమీది తెర దానికి కొత్త రూపమే.

ఒత్తులకు చోటు కావాలి

తెరమీద తెలుగులో ‘రిజిస్ట్రేషన్’ అన్న మాటే చూడండి. ‘స్ట్రే’లో సకారానికి టవత్తు, రవత్తు, పైన ఏత్వం. ఇంగ్లిషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలితే చత్వారం వచ్చిన కళ్లకు రెండూ అందవు. బోర్డులు తయారుచేసేవాళ్లు 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అంటారు. మనం ఆ అంగుళాన్ని ఒత్తులు కలపకుండా, అక్షరానికే లెక్కగట్టాలి. ముదురు రంగు మీద తెల్లటి అక్షరాలు, పేజీకి ఆరేడు వరుసలు చాలు.

పరుగెత్తే అక్షరాలు వద్దు. కూడబలుక్కుని చదివేవాళ్లకు అవి చిక్కవు. నిలకడగా ఉండే పేజీలే మేలు. అవీ తక్కువే ఉండాలి: ఆరు పేజీలు పదిహేనేసి సెకన్లు ఉంటే, తప్పిపోయిన పేజీ కోసం 75 సెకన్ల దాకా కాచుక్కూర్చోవాలి. గది నంబరు, అధికారి ఉన్నదీ లేనిదీ ఒక పక్కన కదలకుండా ఉండాలి.

జనాన్ని పిలవాల్సింది టోకెన్ నంబరుతో. పేరు, వచ్చిన పని పదిమంది ముందు తెరమీద పడకూడదు. చదవలేనివాళ్ల కోసం ఆ నంబరును తెలుగులో గొంతుతోనూ చెప్పించాలి. తెరను సీలింగుకు ఆనించకుండా, కూర్చున్నవాళ్లు మెడ ఎత్తే పని లేకుండా, కిటికీ వెలుగు పడని గోడకు బిగించాలి.

రోజూ ఒక చెయ్యి పడాలి

నిన్నటి ఫీజు చూపే తెర కంటే ఖాళీ గోడ నయం. ఆఫీసు తెరవగానే వివరాలు సరిచూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. చివరిసారి సరిచూసిన తేదీ, సమయం తెర మూలన కనిపించాలి. కరెంటు పోయిన పూట కోసం పక్కనే ఒక నల్లబల్ల, సుద్దముక్క ఉండాలి.

ఇదంతా టీవీ కొనకముందు మొదలుపెట్టాల్సిన పని. అధికారి ఒక పూట అటెండరు పక్కన కుర్చీ వేసుకుని, జనం అడిగేవన్నీ కాగితం మీద రాసుకోవాలి. ఎక్కువమంది అడిగిన ప్రశ్నకు జవాబే ఆ తెరమీద మొదటి వరుస కావాలి.