మాటే పాటైన కథ

ఇంట్లో పిల్లలు ర్యాప్ పాట పెడితే "ఇదేం అరుపురా" అని విసుక్కునే పెద్దలు మన రాయచూరు జిల్లాలోనూ ఉన్నారు. ఆ అరుపు ఎక్కడిదో ఈరోజు చెప్పుకుందాం.

ర్యాప్ అంటే రాగం సాగదీయకుండా, తాళం తప్పకుండా, ప్రాసతో మాటలు విసరడం. బుర్రకథ విన్న చెవికి ఇది బొత్తిగా కొత్త కాదు. పుట్టింది మాత్రం అమెరికాలో. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో సిండీ అనే అమ్మాయి, బడికి కొత్త బట్టలు కొనుక్కోవాలని టికెట్టు పెట్టి విందు జరిపింది. పాటలు వేసింది ఆమె అన్న కూల్ హెర్క్, జమైకా నుంచి వచ్చినవాడు. గాయకుడి గొంతు ఆగి దరువు ఒక్కటే మోగే చోట జనం ఎక్కువగా ఆడుతున్నారని అతడు గమనించాడు. రెండు ప్లేయర్ల మీద ఆ ముక్కనే మార్చి మార్చి వేసేవాడు. ఆ దరువు మీదే మాటలు మొలిచాయి.

మన దేశంలో 1992లో బాబా సెహగల్ "ఠండా ఠండా పానీ" మోగింది. అది అమెరికా గాయకుడు వెనిల్లా ఐస్ పాటకు నకలు. ఆ పాట దరువేమో 1981 నాటి ఇంగ్లీషు పాటది. అప్పు మీద అప్పు! అయినా తలుపు తీసింది అదే.

నన్నడిగితే అసలు మలుపు 1994లో వచ్చిన తమిళ "కాదలన్", మన "ప్రేమికుడు". అందులోని "పేట్టై ర్యాప్"లో రెహమాన్ మద్రాసు పేటల మాటను ఉన్నదున్నట్టు నిలబెట్టాడు. సురేష్ పీటర్స్ పక్కన తేని కుంజరమ్మాళ్ జానపద గొంతు వినిపిస్తుంది. కన్నడం, ఉర్దూ కలిసిన మన సరిహద్దు తెలుగును చూసి పిల్లలు సిగ్గుపడుతుంటారు. పరీక్ష కాగితంలో దాన్ని నేనూ దిద్దుతాను, అది నా ఉద్యోగం. పాటలో మాత్రం దిద్దను.

2024 జూలైలో "బిగ్ డాగ్స్" ప్రపంచమంతా మోగింది. పాడిన హనుమాన్‌కైండ్ కేరళలో పుట్టి, అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగి, బెంగళూరు చేరినవాడు. దరువు కట్టిన కల్మి మన హైదరాబాదు కుర్రాడు. దృశ్యం తీసింది జాతరల్లో మోటారు సైకిళ్ళు గోడమీద తిరిగే మృత్యుబావిలో. వేగం తగ్గితే చక్రానికి గోడ పట్టు పోతుంది, మనిషి కింద పడతాడు. పాడేవాడు అడుగున నిలబడి ఉంటే, ప్రాణాలొడ్డి తిరిగేది ఆ బండివాళ్ళే. మాటలు ఇంగ్లీషువి, కొన్ని మొరటువి. పిల్లలకంటే ముందు మీరు వినండి.